చిన్న జనరేటరు: గడప దాటి లోపలికి రాకూడని చుట్టం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. కరెంటు స్తంభాలు వేలసంఖ్యలో కూలిపోయాయి. నగరం నగరమంతా చీకట్లో మునిగింది. చాలా పేటల్లో కరెంటు తిరిగి రావడానికి రోజులు పట్టింది. కరెంటు లేకపోతే ఆగిపోయేది దీపం ఒక్కటే కాదు గదా! మోటారు తిరగదు, టాంకులోకి నీళ్ళు ఎక్కవు, సెల్‌ఫోను మూగబోతుంది, ఫ్రిజ్‌లో ఉంచిన ఇన్సులిన్ మందు వేడెక్కి పాడవుతుంది.

అలాంటి వేళ అందరికీ గుర్తుకొచ్చే యంత్రం పెట్రోలు జనరేటరు. దాన్ని మీరు చూసే ఉంటారు. పెళ్ళిపందిరి వెనకాల, సంతలో దుకాణాల పక్కన, వినాయకచవితి పందిళ్ళ దగ్గర గుర్రుమంటూ ఉంటుంది. చిన్నది సూట్‌కేసంత ఉంటుంది. పాతిక కిలోలు తూగేదాన్ని ఒక మనిషి ఎత్తగలడు, అంతకు పెద్దదాన్ని ఇద్దరు పట్టుకోవాలి.

ఈ యంత్రం ఇంట్లో దీపం వెలిగిస్తుంది. వాడటం తెలియకపోతే ఇంటిదీపాన్నే ఆర్పేస్తుంది. అదెలాగో తెలుసుకోవాలంటే ముందు దాని లోపలికి తొంగిచూడాలి.

సైకిలు డైనమో చెప్పే పాఠం

పాత సైకిళ్ళకు సీసా ఆకారంలో ఒక డైనమో ఉండేది. మీ ఊళ్ళో ఎవరి దగ్గరైనా అలాంటి సైకిలుంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. సైకిలును స్టాండు వేసి, డైనమోను టైరుకు ఆనించి, పెడలును చేత్తో తిప్పండి. ముందు లైటుకు పోయే తీగను ఊడదీసి తిప్పండి. తరువాత తీగ తగిలించి తిప్పండి. లైటు వెలుగుతున్నప్పుడు పెడలు బరువెక్కినట్టు మీ చేతికే తెలుస్తుంది.

ఎందుకని? డైనమోలో అయస్కాంతం, రాగితీగ చుట్ట ఉంటాయి. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రం ఇదే. మరుసటి సంవత్సరమే పారిస్‌లో హిపొలైట్ పిక్సీ అనే ఆయన చేత్తో తిప్పే జనరేటరును తయారుచేశాడు. అయితే ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. తీగలో పుట్టిన కరెంటు తానే ఒక అయస్కాంతంలా మారి, తనను పుట్టించిన కదలికకు అడ్డు తగులుతుంది. ఆ అడ్డును తోసుకుంటూ తిప్పడానికి మీరు చేసిన పనే లైటుగా వెలిగింది.

ఒక మనిషి గంటసేపు ఆపకుండా తొక్కితే 75 నుంచి 100 వాట్ల దాకా ఇవ్వగలడు. వెయ్యి వాట్ల జనరేటరు అంటే పదిమంది చెమటోడ్చి తొక్కుతున్నట్టు లెక్క. ఆ పదిమంది పనినీ పెట్రోలు చేత చేయించే యంత్రం ఇంజను.

నాలుగు పనులు, ఒకే సిలిండరు

జర్మనీలో నికొలాస్ ఆటో 1876లో తయారుచేసిన నాలుగు దశల ఇంజనుకు మన జనరేటరు ఇంజను మునిమనవడు. సిలిండరులో పిస్టను పైకీ కిందికీ ఆడుతూ నాలుగు పనులు చేస్తుంది. కిందికి దిగుతూ గాలినీ పెట్రోలు ఆవిరినీ పీల్చుకుంటుంది. పైకి వస్తూ ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. అప్పుడు స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. మండిన వాయువులు వ్యాకోచించి పిస్టనును కిందికి తోస్తాయి. మళ్ళీ పైకి వస్తూ పిస్టను ఆ పొగను బయటికి గెంటేస్తుంది. నాలుగు పనుల్లో మనకు పనికొచ్చే తోపు ఒక్కటే. మిగిలిన మూడూ దానికోసం చేసే చాకిరీ.

మన ఇళ్ళలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. రెండు ధ్రువాల అయస్కాంతం ఒక్క చుట్టు తిరిగితే ఒక ఊపు. కాబట్టి సెకనుకు 50 చుట్లు, అంటే నిమిషానికి 3,000 చుట్లు తిరగాలి. లోడు ఎక్కువైనా తక్కువైనా ఈ వేగం మారకూడదు.

మీరు ఫ్యాను స్విచ్చి వేయగానే జనరేటరు మోత ఒక్క క్షణం తగ్గి, మళ్ళీ గట్టిగా వినిపించడం గమనించారా? సైకిలు పెడలు బరువెక్కినట్టే ఇంజనుకు కూడా బరువెక్కింది. వెంటనే లోపల ఉన్న గవర్నరు మేలుకుంటాడు. ఈయన రాష్ట్ర గవర్నరు కాదు! వేగం తగ్గితే పెట్రోలు, గాలి వచ్చే దారిని ఎక్కువగా తెరిచి, వేగం పెరిగితే మూసేసే చిన్న ఏర్పాటు ఇది.

ఈ మధ్య ఇన్వర్టరు జనరేటర్లు కూడా వచ్చాయి. వాటిలో పుట్టిన కరెంటును ముందు ఏకముఖ కరెంటుగా మార్చి, ఎలక్ట్రానిక్ సర్క్యూటు ద్వారా తిరిగి 50 ఊపుల కరెంటుగా చేస్తారు. అందువల్ల లోడు తక్కువగా ఉన్నప్పుడు ఇంజను నెమ్మదిగా తిరిగినా ఫరవాలేదు. మోత తక్కువ, పెట్రోలు ఖర్చూ తక్కువ. వెల మాత్రం ఎక్కువ.

లీటరుకు ఎంత కరెంటు?

లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి దాగి ఉంది. చిన్న జనరేటరు అందులోంచి మనకు ఇచ్చేది దాదాపు ఒకటిన్నర యూనిట్లు. మిగతా ఏడున్నర ఏమయ్యాయి? చాలామటుకు వేడిగా మారి పొగగొట్టం నుంచీ, సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల నుంచీ గాలిలో కలిసిపోయాయి. 2021 నుంచి మన తెలుగు రాష్ట్రాల్లో లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటే ఉంది. అంటే జనరేటరు కరెంటు యూనిట్ ఒక్కంటికి అరవై, డెబ్భై రూపాయలు పడుతుంది. కాబట్టి ఇది రోజూ వాడుకునే కరెంటు కాదు, ఆపద్ధర్మపు కరెంటు.

ఇప్పుడు వెయ్యి వాట్ల జనరేటరు మీద ఏమేమి నడపవచ్చో లెక్కవేద్దాం. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు ఐదు: 45 వాట్లు. 75 వాట్ల ఫ్యాన్లు మూడు: 225. టీవీ: 80. నాలుగు ఫోను చార్జర్లు: 40. మొత్తం 390 వాట్లు. హాయిగా నడుస్తాయి. ఒక్క ఇస్త్రీపెట్టె తగిలించండి, అదే వెయ్యి వాట్లు మింగేస్తుంది. వేడి పుట్టించే సామానులన్నీ ఇలా తిండిపోతులే.

మోటారు ఉన్న సామానులది మరో తంతు. ఫ్రిజ్ నడిచేటప్పుడు 150 వాట్లే తీసుకున్నా, కంప్రెసరు బయలుదేరే క్షణంలో దానికి ఎన్నో రెట్లు కావాలి. తిరుగుతున్న మోటారు తనలో తానే ఒక ఎదురు వోల్టేజిని పుట్టించి కరెంటును అదుపులో పెట్టుకుంటుంది. నిలిచి ఉన్న మోటారుకు ఆ అడ్డు లేదు. అందుకే మొదట మోటారు సామానును ఒక్కదాన్నే వేసి, అది కుదురుకున్నాక మిగతావి ఒక్కొక్కటిగా వేయాలి. ఆపేటప్పుడు ముందు సామానులన్నీ ఆపి, తరువాతే ఇంజను ఆపాలి. జనరేటరు మీద రాసి ఉన్న వాట్లలో ముప్పాతిక వంతుకు మించి గంటల తరబడి లాగకపోవడం మంచిది.

మేపు తప్పితే మొరాయిస్తుంది

ఎద్దును కొనగానే సరికాదు, రోజూ మేపాలి. జనరేటరు కూడా అంతే. దాని ఆరోగ్యం నాలుగు వస్తువుల మీద ఆధారపడి ఉంది.

మొదటిది ఇంజనాయిలు. స్కూటరులోలాగా ఇక్కడ ఎవరూ రోజూ చూడరు, అందుకే ఎక్కువ జనరేటర్లు దీనివల్లే చస్తాయి. లోపల పట్టేది అరలీటరు అటూ ఇటూ మాత్రమే. చాలా యంత్రాల్లో ఒక చిన్న గరిటెలాంటి ముక్క ఆయిలును చిమ్ముతూ భాగాలన్నిటికీ పూస్తుంది. యంత్రం వాలుగా ఉంటే గరిటెకు ఆయిలు అందదు. కాబట్టి చదునైన నేలమీదే పెట్టాలి. స్టార్టు చేసే ముందు ప్రతిసారీ కొలతపుల్ల తీసి మట్టం చూడాలి. కొత్త ఇంజను మొదటి 20 గంటలు నడిచాక ఆయిలు మార్చాలి. కొత్త భాగాలు ఒరుసుకున్నప్పుడు రాలిన లోహపు పొడి అందులో చేరి ఉంటుంది. ఆ తరువాత మామూలుగా వంద గంటలకో, ఆరు నెలలకో ఒకసారి చాలు. మీ యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఎలా ఉంటే అలా చేయాలి.

రెండవది గాలి. గాలి పీల్చేచోట స్పాంజిలాంటి ఎయిర్ ఫిల్టరు ఉంటుంది. 50 గంటలకొకసారి, మన ఎండాకాలపు దుమ్ములోనైతే ఇంకా ముందే, దాన్ని తీసి శుభ్రం చేయాలి. ఫిల్టరు మూసుకుపోతే గాలి తక్కువై, పెట్రోలు సగం సగం మండుతుంది. నల్లటి పొగ వస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో తరువాత పనుంది.

మూడవది స్పార్క్ ప్లగ్గు. విప్పి చూస్తే అది ఇంజను కడుపులో సంగతి చెప్పేస్తుంది. మొన బిస్కట్టు రంగులో ఉంటే మంట సరిగా ఉన్నట్టు. నల్లగా మసి పట్టి ఉంటే గాలి చాలడంలేదన్నమాట.

నాలుగవది పెట్రోలు. పెట్రోలు ఒకే పదార్థం కాదు, ఎన్నో హైడ్రోకార్బన్ల మిశ్రమం. నెలల తరబడి టాంకులో ఉంటే తేలికైనవి ఆవిరైపోతాయి. మిగిలినవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురులా తయారై, కార్బురేటరులోని సూదిబెజ్జంలాంటి రంధ్రాన్ని మూసేస్తాయి. 2025 నాటికి మనదేశపు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. ఇథనాల్‌కు గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. తడి మోతాదు మించితే ఇథనాల్, నీరు కలిసి వేరుపడి టాంకు అడుగుకు చేరతాయి. ఇంజనుకు ముందుగా అందేది అడుగున ఉన్నదే! అందుచేత నెలకు మించి వాడకుండా ఉంచేటట్లయితే టాంకు ఖాళీ చేసి, పెట్రోలు కుళాయి కట్టి, కార్బురేటరులో మిగిలినది అయిపోయి ఇంజను తానే ఆగేదాకా నడపాలి.

అవసరం లేకపోయినా నెలకొకసారి కొత్త పెట్రోలు పోసి పది, పదిహేను నిమిషాలు, రెండు బల్బుల లోడుతో నడపమంటారు. ఇందులో మరో రహస్యం ఉంది. చాలా చిన్న జనరేటర్లలో తిరిగేది శాశ్వత అయస్కాంతం కాదు, ఇనుము మీద చుట్టిన విద్యుదయస్కాంతం. దానికి కరెంటు కావాలి. కరెంటు రావాలంటే అయస్కాంతం కావాలి. చెట్టు ముందా, విత్తు ముందా? కిందటిసారి నడిచినప్పటి అయస్కాంతత్వం ఇనుములో కాస్త మిగిలి ఉంటుంది. ఆ కొంచెమే మొదటి కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు అయస్కాంతాన్ని బలపరుస్తుంది, బలపడిన అయస్కాంతం మరింత కరెంటు పుట్టిస్తుంది. ఏడాదిపాటు మూల పడేస్తే ఆ విత్తనం కూడా క్షీణించవచ్చు. అప్పుడు ఇంజను చక్కగా తిరుగుతుంది, బల్బు మాత్రం వెలగదు.

పెట్రోలు పోసేటప్పుడు ఇంజను ఆపి, చల్లారేదాకా ఆగాలి. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకోగల ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు. నేలమీద పాకుతూ దూరాన ఉన్న దీపాన్ని కూడా చేరగలదు. సైలెన్సరు వేడికి చుక్క పడితే చాలు.

కనిపించని దొంగ

ఇక అసలు సంగతికి వద్దాం. ఇంజనుకూ మనకూ ఒక పోలిక ఉంది. ఇద్దరమూ గాలిలోని ఆక్సిజన్‌నే పీలుస్తాం. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 15 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు తూకం ముప్పాతిక కిలో. దానికి 11 కిలోల గాలి, అంటే 9 ఘనపు మీటర్లకు పైగా. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో ఉండేది 28 ఘనపు మీటర్లు. మూడు లీటర్ల పెట్రోలుకు ఆ గదిలో గాలంతా సరిపోతుందన్నమాట!

కాని ప్రమాదం గాలి అయిపోవడంతో రాదు, అంతకు చాలా ముందే వస్తుంది. గాలి చాలినంత ఉంటే పెట్రోలులోని కార్బన్ పరమాణువు రెండు ఆక్సిజన్ పరమాణువులతో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. చాలకపోతే ఒక్కదానితోనే సరిపెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. చిన్న ఇంజన్లలో గాలి బాగా ఉన్నా ఇది కొంత పుడుతూనే ఉంటుంది. మూసిన గదిలో, మసిపట్టిన ఫిల్టరుతో మరింత పుడుతుంది. కొత్త కార్ల పొగగొట్టంలో ఈ వాయువును డయాక్సైడుగా మార్చే ఉత్ప్రేరకపు పెట్టె ఉంటుంది. చిన్న జనరేటర్లలో చాలావాటికి అది లేదు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు, కళ్ళు మండవు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. అది ఆక్సిజన్‌ను పట్టుకునేదానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ దొంగలే ఎక్కి కూర్చుంటే అసలు ప్రయాణికులు రోడ్డుమీదే మిగిలిపోయినట్టు, ఆక్సిజన్ ఊపిరితిత్తుల్లో ఉండి కూడా మెదడుకు చేరదు. గాలిలో వెయ్యింట ఒక పాలు ఈ వాయువు చేరితే ఒకటి రెండు గంటల్లో మనిషి స్పృహ తప్పవచ్చు.

బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు 1890లలో ఈ వాయువును తానే పీల్చి దాని లక్షణాలు రాసిపెట్టాడు. బొగ్గుగనుల్లోకి చిన్న పిట్టలను తీసుకువెళ్ళమని సలహా ఇచ్చింది కూడా ఆయనే. పిట్ట తన బరువుతో పోలిస్తే మనకన్నా చాలా ఎక్కువ గాలి పీలుస్తుంది, అందుచేత ముందుగా సోలిపోతుంది. గనివాళ్ళు అది చూసి పైకి పరుగెత్తేవారు. అక్కడి గనుల్లో 1986 దాకా ఈ పిట్టల కొలువు సాగింది.

మన ఇంట్లో పిట్ట లేదు. మొదట తలనొప్పి, తరువాత వికారం, కళ్ళు తిరగడం, కాళ్ళు తేలిపోవడం. తుఫానురోజున ఇవన్నీ అలసట అనుకుని పడుకుంటారు. నిద్రలో ఉన్నవాళ్ళకు ఆ హెచ్చరిక కూడా అందదు. అమెరికాలో జనరేటరు పొగవల్ల ఏటా వందమంది దాకా చనిపోతున్నారని అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ చెబుతోంది. తుఫానుల తరువాతే ఈ మరణాలు ఎక్కువ. వాన తడుస్తుందనీ, దొంగలెత్తుకుపోతారనీ, మోత పక్కవాళ్ళకు వినిపిస్తుందనీ యంత్రాన్ని వరండాలోనో, మెట్లకిందో, దుకాణం షట్టరు దించి లోపలో పెడతారు. కిటికీ తెరిచాం గదా అనుకుంటారు. కిటికీ చాలదు. ఆ సంస్థ చెప్పే కొలత ఇది: ఇంటికి కనీసం 20 అడుగుల దూరాన, ఆరుబయట, పొగగొట్టం తలుపులకూ కిటికీలకూ పెడమొహంగా ఉండాలి. పొరుగువారి కిటికీ కూడా కిటికీయే. వాన పడుతుంటే యంత్రానికి పైన మాత్రమే కప్పు వేయాలి, నాలుగు పక్కలూ తెరిచి ఉండాలి.

జనరేటరు నడుస్తున్న ఇంట్లో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే అనుమానించండి. అందరినీ వెంటనే ఆరుబయటికి తీసుకురావాలి, ఇంజను ఆపాలి, 108కి ఫోను చేయాలి. రక్తంలోంచి ఆ దొంగను గెంటడానికి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెడతారు.

స్తంభం మీద ఉన్న మనిషి

ఇంకొక ప్రమాదం మన ఇంటికి కాదు, ఇతరులకు. కొందరు రెండు వైపులా పిన్నులున్న తీగ తయారుచేసి, ఒక కొసను జనరేటరులోనూ మరో కొసను గోడలోని ప్లగ్గులోనూ పెడతారు. ఇల్లంతా వెలుగుతుంది. కాని మెయిన్ స్విచ్చి కట్టకపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధిలోకి, అక్కణ్ణించి ట్రాన్స్‌ఫార్మరుకు చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు రాకడ, పోకడ తేడా తెలియదు. 11,000 వోల్టులను 230కి దించే ఆ పెట్టె, వెనకనుంచి 230 ఇస్తే దాన్ని వేల వోల్టులకు ఎక్కిస్తుంది. లైనులో కరెంటు లేదనుకుని తుఫాను మర్నాడు స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేయి దానిమీద పడుతుంది.

దీనికి విరుగుడు చేంజోవర్ స్విచ్చి. అది ఇంటి తీగలను వీధి కరెంటుకైనా కలుపుతుంది, జనరేటరుకైనా కలుపుతుంది గాని రెంటినీ ఒకేసారి కలపదు. దాన్ని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేత పెట్టించాలి. లేకపోతే ఫ్యాను, బల్బులను మంచి రబ్బరు తొడుగున్న తీగతో నేరుగా జనరేటరుకే తగిలించాలి.

ఇక లెక్క మీది

జనరేటరును నడపడం పెద్దవాళ్ళ పని. మీరు ఒంటరిగా ముట్టుకోకండి. కాని పైన చెప్పిన సైన్సు ఇంట్లో అందరికన్నా బాగా తెలిసింది మీకే కావచ్చు. అందుకని రెండు పనులు మీకు వదిలేస్తున్నాం. ఒకటి: పైన వేసిన 390 వాట్ల లోడు ఆరు గంటలు నడిస్తే ఎన్ని యూనిట్లు, ఎన్ని లీటర్ల పెట్రోలు, ఎన్ని ఘనపు మీటర్ల గాలి కావాలో లెక్క కట్టండి. మీరు పడుకునే గదిలో ఉన్న గాలితో దాన్ని పోల్చి చూడండి. రెండు: టేపు తీసుకుని మీ ఇంటి చుట్టూ కొలిచి, మీ తలుపులకూ పొరుగువారి కిటికీలకూ 20 అడుగుల దూరం ఉన్న చోటు ఎక్కడుందో గుర్తుపెట్టి అమ్మానాన్నలకు చూపించండి. అలాంటి చోటు దొరకకపోతే, ఆ ఇంటికి జనరేటరు కన్నా బ్యాటరీతో నడిచే ఇన్వర్టరే మేలని ధైర్యంగా చెప్పండి.